మందుల షాపు కౌంటర్ దగ్గర ఏఐ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు మన తెలుగువాళ్ల ఇళ్లలో ఆరోగ్యం కాగితాలన్నీ ఒకే భాషలో ఉండవు. ఆశా కార్యకర్త ఇచ్చిన కార్డు ఒడియాలో, డాక్టరు చీటీ ఇంగ్లీషులో, ఇంట్లో మాట తెలుగులో. వైద్యం కూడా రెండు రాష్ట్రాల మధ్య నడుస్తుంది. జ్వరమొస్తే ఊళ్లోనే చూపించుకుంటాం. కాస్త పెద్దదైతే బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీకో, శ్రీకాకుళానికో, విశాఖ కేజీహెచ్‌కో బయల్దేరతాం. ఇప్పుడు వీటన్నిటి మధ్యలోకి ఫోన్లో ఏఐ వచ్చింది. మందుల షాపు నడుపుతున్నాను కాబట్టి ఫోను కౌంటర్ మీద పెట్టి "ఇదేదో ఇలా చెబుతోంది బాబూ, నిజమేనా?" అనేవాళ్లు నాకు తరచూ తగులుతారు. వాళ్లు ఎక్కువగా అడిగేవి ఇక్కడ రాశాను. నేను ఫార్మసిస్టుని, డాక్టర్ని కాదు. జవాబులు ఆ హద్దులోనే చదువుకోండి.

ఏఐ అంటే ఫోన్లో మాట్లాడేదేనా?

అదొక రకం. 2022 నవంబరులో వచ్చిన చాట్‌జీపీటీ, 2024 జూన్ నుంచి మన వాట్సాప్‌లో కనిపిస్తున్న మెటా ఏఐ, గూగుల్ వాళ్ల జెమిని, ఇవన్నీ ఆ రకానివే. కోట్ల పేజీల రాతలు చూసి, ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో నేర్చుకున్నాయి. అందుకే ఏది అడిగినా తడుముకోకుండా చెబుతాయి. తెలిసినా తెలియకపోయినా గొంతు ఒకేలా ఉంటుంది, మనం మోసపోయేది అక్కడే.

రెండో రకం మనకు కనిపించదు. ఎక్స్‌రే చూసి టీబీ అనుమానం ఉందా అని చెప్పేది, కంటి లోపలి ఫొటో చూసి షుగరు దెబ్బ పట్టేది. వీటికి ఒక్క పనే నేర్పుతారు. ఆ పనిలో ఎన్నిసార్లు తప్పుతాయో ముందే పరీక్షించి చూస్తారు. "ఏఐ డాక్టర్ని మించిపోయింది" అని పేపర్లో వార్త వస్తే, అది దాదాపుగా ఈ రెండో రకం గురించే. చదివినవాళ్లు మాత్రం మొదటి రకాన్ని తెరిచి కడుపునొప్పి గురించి అడుగుతారు.

మన వైపు ఆసుపత్రుల్లో ఏఐ వాడతారా?

టీబీ పరీక్షల్లో మీకు తారసపడే అవకాశం ఎక్కువ. 15 ఏళ్లు దాటినవాళ్ల ఛాతీ ఎక్స్‌రేలని కంప్యూటరు చదివి టీబీ అనుమానితులను వేరు చేయొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసింది. 2024 డిసెంబరులో మొదలైన వంద రోజుల టీబీ కార్యక్రమంలో చేత్తో పట్టుకునే చిన్న ఎక్స్‌రే మెషిన్లను దేశంలో చాలా జిల్లాల్లో ఊళ్లలోకే తీసుకెళ్లారు. రేడియాలజిస్టు లేని చోట ఆ ఫిల్మును వెంటనే చూసి చెప్పేది ఏఐ.

ఇక్కడ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. మెషిన్ ఇచ్చేది అనుమానం మాత్రమే. ఆ తర్వాత కఫం పరీక్ష, అంటే ట్రూనాట్ లేదా సీబీనాట్ చేసి తేల్చుకోవాలి. పాత మచ్చ ఉన్నా మెషిన్ అనుమానపడొచ్చు. "మెషిన్ టీబీ అంది" అని ఏడుస్తూ వచ్చినవాళ్లకూ, "మెషినే కదా, దానికేం తెలుసు" అని కఫం ఇవ్వకుండా తిరిగేవాళ్లకూ నేను చెప్పేది ఒకటే: కఫం ఇచ్చి రండి. టీబీ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. చికిత్స నడిచినన్నాళ్లూ పోషణ కోసం నెలకి 1000 రూపాయలు ఖాతాలో పడతాయి.

కళ్ల విషయంలో మన దేశం పాత్ర పెద్దదే. షుగరు వల్ల రెటీనా దెబ్బతినడాన్ని ఫొటోలో గుర్తుపట్టే గూగుల్ ఏఐ మీద 2016లో వచ్చిన పరిశోధనకి మధురై అరవింద్ కంటి ఆసుపత్రి, చెన్నై శంకర నేత్రాలయ చిత్రాలు వాడారు. తర్వాత దాన్ని థాయిలాండ్ పల్లె క్లినిక్కుల్లో పెడితే, ఫొటో బాగా రాలేదని సుమారు ఐదో వంతు చిత్రాలని తిప్పికొట్టింది. గదిలో వెలుతురు సరిగా లేకపోవడం ఒక కారణం. కరెంటు, నెట్టు రెండూ దోబూచులాడే మన సబ్ సెంటర్లలో ఇదెలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ల్యాబ్ రిపోర్టు ఫొటో తీసి ఏఐకి పెట్టొచ్చా?

పెట్టొచ్చు. ముందు పైనున్న పేరు, ఫోను నంబరు, 14 అంకెల ఆభా నంబరు (ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఖాతా నంబరు) కనిపించకుండా కత్తిరించండి. క్రియాటినిన్ అంటే ఏమిటి, ఈఎస్‌ఆర్ ఎందుకు చూస్తారు, ప్లేట్‌లెట్లు ఎంత ఉండాలి లాంటివి తెలుగులో బాగానే వివరిస్తుంది. ల్యాబులో ఎవరికీ తీరిక లేక చెప్పని సంగతులివి. ఈ పనికి నేనే వాడమంటాను.

ఫొటోలో అంకె తప్పు చదువుతుందేమో చూసుకోండి. 1.1ని 11 అనుకుంటే కథ మారిపోతుంది. అది రాసిన అంకెల్ని కాగితంతో ఒకసారి సరిపోల్చుకోండి.

ఇంకో చిక్కు మన ప్రాంతానికి సంబంధించింది. రాయగడ, కోరాపుట్ వైపు కొన్ని కుటుంబాల్లో సికిల్ సెల్ ఉంది, అంటే ఎర్ర రక్త కణాలు కొడవలి ఆకారంలోకి మారే, తల్లిదండ్రుల నుంచి వచ్చే జబ్బు. షుగరు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షని వీళ్లలో అలాగే నమ్మడానికి లేదు. సికిల్ సెల్ జబ్బులో ఎర్ర కణాలు తొందరగా నశిస్తాయి కాబట్టి, అసలు షుగరు ఎక్కువే ఉన్నా ఆ అంకె తక్కువగా రావచ్చు. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క సికిల్ జన్యువే వచ్చి, జబ్బు లేనివాళ్లలో కూడా కొన్ని రకాల మెషిన్లు పొరపడతాయి. మీరు చెప్పకపోతే ఈ సంగతి ఏఐకి ఎలా తెలుస్తుంది? 5.6 చూసి "మీ షుగరు బాగుంది, అభినందనలు" అంటుంది. ఇంట్లో ఎవరికైనా సికిల్ సెల్ ఉంటే డాక్టరుకి ముందుగా చెప్పండి, ఏఐకి కూడా రాయండి. మీకు ఉందో లేదో తెలియకపోతే పరీక్ష చేయించుకోండి. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద ప్రభుత్వమే ఆ పరీక్షలు చేస్తోంది.

డాక్టరు చేతిరాత చదవగలదా? మీకే అర్థం కాదు కదా!

మాకు అర్థమవుతుంది, అదే మా బతుకుతెరువు. సరదా పక్కన పెడితే, 2024 జనవరిలో ఒడిశా హైకోర్టు డాక్టర్లు చీటీలు, పోస్టుమార్టం రిపోర్టులు అందరికీ అర్థమయ్యేలా, వీలైతే ఇంగ్లీషు క్యాపిటల్ అక్షరాల్లో రాయాలని ఆదేశించింది. కొందరి రాత మారింది. కొందరిది మారలేదు.

ఏఐ చేతిరాతని కొంతవరకు చదువుతుంది. చదవలేని చోట ఆగి "అర్థం కాలేదు" అంటే బాగుండును. చాలాసార్లు ఆగదు, దగ్గరగా కనిపించే మందు పేరొకటి రాసేస్తుంది. అచ్చయిన స్ట్రిప్ ఫొటో పెడితే ఇంత ఇబ్బంది ఉండదు. అందుకే చీటీ కంటే మందు పట్టీ చూపించి అడగండి.

మోతాదు గుర్తులు అందరూ తెలుసుకోవాలి. ఓడీ అంటే రోజుకి ఒకసారి, బీడీ అంటే రెండుసార్లు, టీడీఎస్ మూడుసార్లు, హెచ్‌ఎస్ పడుకునే ముందు, ఎస్‌ఓఎస్ అంటే అవసరమైతేనే. 1-0-1 అంటే ఉదయం, రాత్రి. కళ్లద్దాల చీటీలో మాత్రం ఓడీ అంటే కుడి కన్ను. అద్దాల చీటీ పెట్టి "రోజుకి ఎన్నిసార్లు?" అని అడిగితే ఏఐ ఏం చెబుతుందో ఆ దేవుడికే తెలియాలి.

నాకు అన్నిటికంటే భయం మెథోట్రెక్సేట్ అంటే. కీళ్లవాతానికి ఇస్తారు. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది, ప్రపంచమంతా ఈ తప్పు వల్ల చనిపోయినవాళ్లు ఉన్నారు. చీటీలో "వారానికి" అన్న మాట ఒడియాలోనో ఇంగ్లీషులోనో గీతలా రాసి ఉంటే, మెషిన్ దాన్ని మింగేసే ప్రమాదం ఉంది. ఇలాంటి మందు తీసుకునేటప్పుడు ఏ రోజు వేసుకోవాలో షాపులో మాచేత స్ట్రిప్ మీద తెలుగులో రాయించుకోండి. సోమవారమా, గురువారమా అని. ఏ షాపైనా రాసి ఇస్తుంది, అడగాలంతే.

తెలుగులో అడిగితే సరిగా చెబుతుందా?

రెండేళ్ల కిందటి కంటే చాలా నయం. గూగుల్ అనువాదంలోకి తెలుగు 2011లో వచ్చింది, ఒడియా 2020లో గానీ రాలేదు. ఆ తేడా ఇప్పటికీ తెలుస్తుంది. మన దేశ భాషల్ని కంప్యూటరుకి నేర్పే భాషిణి అనే పథకాన్ని ప్రభుత్వం 2022లో మొదలుపెట్టాక రెండు భాషలకీ ఊపు వచ్చింది.

మన మాటతో ఇబ్బంది ఉంది. ఒకే వాక్యంలో సగం ఒడియా, సగం శ్రీకాకుళం యాస కలిపి గబగబా మాట్లాడితే మెషిన్ తికమక పడుతుంది. "ఒళ్లు వేడి చేసింది" అంటే జ్వరం అనుకుంటుంది. మన అమ్మమ్మలకి ఆ మాటకి పది అర్థాలు. ఒంటేలుకి వెళ్తే మంట పుడుతోందా, నోట్లో పొక్కులొచ్చాయా, కళ్లు మండుతున్నాయా, ఏది జరుగుతోందో అది విడిగా చెప్పండి. ఎప్పటి నుంచి, రోజులో ఏ వేళ, ఏం చేస్తే ఎక్కువవుతోంది అనేవి కూడా.

సవర, కువి లాంటి గిరిజన భాషలు మాట్లాడేవాళ్లకి ఈ సౌకర్యం ఇంకా చేరలేదు. భాషిణి పని ముఖ్యంగా రాజ్యాంగం గుర్తించిన 22 భాషల చుట్టూ నడుస్తోంది, ఆ జాబితాలో సవర లేదు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర నేర్చుకుని, దానికి నిఘంటువు, వ్యాకరణం తయారుచేసిన గిడుగు రామమూర్తి గారి ఊళ్లో కూర్చుని ఈ మాట రాయాల్సి రావడం నాకైతే బాధే. కొండ మీది నుంచి వచ్చే సవర పేషెంట్లకి ఇవాళ్టికీ దుబాసీ వాళ్ల ఊరి ఆశా కార్యకర్తే.

జ్వరం వస్తే ఏఐని అడిగి రెండ్రోజులు చూడొచ్చా?

మన ప్రాంతంలో వద్దు. ఏఐ చదివిన రాతల్లో ఎక్కువ భాగం మలేరియా లేని దేశాలవి. జ్వరం, ఒళ్లు నొప్పులు అంటే "వైరల్ కావచ్చు, నీళ్లు తాగండి, విశ్రాంతి తీసుకోండి, మూడు రోజులు చూడండి" అనేస్తుంది. హైదరాబాదులో ఆ సలహా నడుస్తుందేమో. గజపతి, రాయగడ, కోరాపుట్ ఏజెన్సీలో ఫాల్సిపారం మలేరియా ఉంది, అది మెదడుకి ఎక్కితే గంటల్లో మనిషి చేయి జారిపోతాడు. చలి జ్వరం వచ్చిన రోజే వేలి మీద సూది గుచ్చి చేసే పరీక్ష చేయించాలి. ఆ కిట్టు ఆశా కార్యకర్త దగ్గరే ఉంటుంది, డబ్బు అక్కర్లేదు. పాజిటివ్ వస్తే మందు కూడా ఉచితమే, కోర్సు పూర్తిగా వాడాలి.

మీరు ప్రశ్నలో "నేను రాయగడ జిల్లాలో కొండ ఊళ్లో ఉంటాను, ఇక్కడ మలేరియా ఉంది" అని రాసి చూడండి, జవాబు మారిపోతుంది. అలా రాయాలని తట్టినవాళ్లకి ఏఐ అవసరమే లేదనుకోండి!

పాము కరిస్తే ఫొటో తీసి ఏ పామో అడగొచ్చా?

అడగడానికి ఆగొద్దు. మన దేశంలో ఇచ్చే విషం విరుగుడు ఇంజెక్షను నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుక పింజరి నాలుగింటికీ కలిపి తయారుచేసిందే. పాము పేరు తెలియకపోయినా చికిత్స ఆగదు. డాక్టరు మనిషిని చూసి, రెప్పలు వాలుతున్నాయా, 20 నిమిషాల్లో రక్తం గడ్డకడుతోందా అని పరీక్షించి నిర్ణయిస్తాడు. ఫొటో కోసం పామును వెతుక్కుంటూ వెళ్తే రెండో కాటు పడొచ్చు. ఇక ఏఐ ఫొటో చూసి "ఇది విషం లేని పాము" అంటే? ఆ ఒక్క మాట నమ్మి ఇంట్లో పడుకుంటే అంతే సంగతులు. కట్లపాము కాటుకి నొప్పి, వాపు పెద్దగా ఉండవు, నిద్రలో కరిస్తే తెలియను కూడా తెలియదు. 108కి ఫోన్ చేయండి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచండి. గట్టిగా తాడు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు.

నొప్పి మాత్రల గురించి అడిగితే?

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, పలాస వైపు చుట్టాలున్నవాళ్లు ఈ జవాబు రెండుసార్లు చదవండి. ఆ వైపు ఊళ్లని పట్టి పీడిస్తున్న ఉద్దానం కిడ్నీ జబ్బుకి అసలు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. కానీ దెబ్బతిన్న కిడ్నీకి డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు ఇంకా చేటు చేస్తాయన్నది తేలిన విషయమే. జీడితోటలో, కొబ్బరి తోటలో రోజంతా వంగి పనిచేసి, నడుం నొప్పికి ఏం వాడాలని అడిగితే, ఏఐ ఈ పేర్లే ముందు చెబుతుంది. కింద ఎక్కడో "కిడ్నీ జబ్బు ఉంటే డాక్టరుని సంప్రదించండి" అని ఉంటుంది. ఈ జబ్బు మొదట్లో ఏ బాధా పెట్టదు కాబట్టి, తనకి ఉందని మనిషికి తెలియదు. మాత్రలు తెచ్చుకునే ముందు ఒకసారి క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయించుకోండి. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభించిన ప్రభుత్వ కిడ్నీ ఆసుపత్రి ఉంది.

పారాసిటమాల్ సంగతి వేరే. పెద్దవాళ్లు రోజుకి 4 గ్రాములు దాటకూడదు. డోలో 650 వేసుకుంటూ, జలుబు మాత్రలో కూడా పారాసిటమాలే ఉందని తెలియక రెండూ కలిపి మింగేవాళ్లు ఉన్నారు. ఇది కనిపెట్టడానికి ఏఐ పనికొస్తుంది: రెండు స్ట్రిప్పుల వెనక ఫొటోలు పెట్టి "వీటిలో ఒకే మందు రెండుసార్లు ఉందా?" అని అడగండి. తర్వాత షాపులో కూడా అడగండి.

ఏఐ చెప్పిన యాంటీబయోటిక్ ఇస్తారా?

ఇవ్వను. అజిత్రోమైసిన్ అయినా, సెఫిక్సిమ్ అయినా డాక్టరు చీటీ కావాలి. సెఫిక్సిమ్ లాంటివి 2014 నుంచి హెచ్‌1 జాబితాలో ఉన్నాయి. అమ్మితే పేషెంటు పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. డాక్టరు పేరు దగ్గర చాట్‌జీపీటీ అని రాయలేను కదా. 2020 మార్చిలో కేంద్రం తెచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు కూడా స్పష్టంగానే ఉన్నాయి: ఏఐ డాక్టరుకి సాయం చేయొచ్చు గానీ, పేషెంటుకి సలహా చెప్పడానికి, మందు రాయడానికి వీల్లేదు.

డాక్టరు దూరమైతే ఏం చేయాలి మరి?

ప్రభుత్వం నడిపే ఈ-సంజీవని వాడండి. అక్కడ ఫోను అవతల ఉండేది నిజమైన డాక్టరు, ఉచితం, చీటీ కూడా వస్తుంది. సొంతంగా చేయడం కష్టమైతే మీ దగ్గరి ఆరోగ్య మందిరానికి వెళ్తే అక్కడి ఉద్యోగి కలిపిస్తారు.

ఇంతకీ ఏఐ దేనికి పనికొస్తుంది? అన్నిటికీ వద్దంటున్నారే!

డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు రోజు రాత్రి, వెళ్లొచ్చిన సాయంత్రం. ఈ రెండు వేళల్లో దానికి సాటి లేదు. విశాఖ వరకు రైల్లో వెళ్లి, టోకెను తీసుకుని, సగం రోజు కూర్చుంటే డాక్టరు ముందు దొరికేది కొన్ని నిమిషాలు. అప్పుడు నోరు పెగలదు. ఇంటికొచ్చాక "అయ్యో, అది అడగలేదే" అనుకుంటాం.

ముందు రోజు ఇలా టైపు చేయండి: "మా నాన్నకి 62 ఏళ్లు. షుగరు, బీపీ చాలా ఏళ్లుగా ఉన్నాయి. రెండు వారాలుగా పాదాలు వాస్తున్నాయి, సాయంత్రానికి ఎక్కువ. వాడే మందులు ఇవి. రేపు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. ఆయన్ని అడగాల్సిన ఐదు ప్రశ్నలు, తీసుకెళ్లాల్సిన కాగితాలు చెప్పు. జబ్బు పేరు నువ్వు తేల్చొద్దు. ఇదంతా డాక్టరు అర నిమిషంలో చదివేలా ఇంగ్లీషులో ఆరు వరుసల్లో కూడా రాయి." ఆ ఆరు వరుసలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. డాక్టరు తెలుగు రాని ఒడియా ఆయనైతే దీని విలువ మీకే తెలుస్తుంది.

ఇదే ఉదాహరణలో ప్రమాదం కూడా ఉంది. మందుల జాబితాలో అమ్లోడిపిన్ ఉంటే, దాని వల్ల పాదాలు వాయొచ్చని ఏఐ చెబుతుంది. అది నిజమే. అది విని కూతురు ఆ రాత్రే నాన్న బీపీ మాత్ర ఆపేస్తే? వాపు గుండె వల్లో కిడ్నీ వల్లో కూడా రావచ్చు, ఆపేసిన మాత్రతో బీపీ ఎగబాకొచ్చు. అడగాల్సిన ప్రశ్నల్లో "ఈ వాపు బీపీ మాత్ర వల్లనా?" అన్నది ఒకటిగా రాసుకోండి. మాత్ర మాత్రం మామూలుగా వేయండి.

వెళ్లొచ్చాక డాక్టరు చెప్పింది గుర్తున్నంత టైపు చేసి, "అర్థమయ్యేలా చెప్పు, ఏ మందు తిండికి ముందు, ఏది తర్వాత" అని అడిగి, దాన్ని చీటీతో సరిచూసుకోండి. పెద్దవాళ్లకి పెద్ద అక్షరాల్లో పట్టిక చేయించి గోడకి అంటించండి.

చేతి వాచీ గుండె జబ్బు చెబుతుందా?

కొన్ని వాచీలు గుండె లయ తప్పడాన్ని పడతాయి. గుండెపోటుని పట్టవు. ఛాతీ బరువుగా ఉండి, చెమటలు పట్టి, ఎడమ చెయ్యి లాగుతుంటే వాచీ ఏం చెప్పినా వినొద్దు, 108. వేలికి పెట్టే ఆక్సీమీటరు గురించి కూడా ఒక మాట: నల్ల చర్మం ఉన్నవాళ్లలో అది ఆక్సిజన్ని ఉన్నదానికంటే ఎక్కువ చూపించిన సందర్భాలు తెల్లవాళ్లకంటే సుమారు మూడు రెట్లు ఎక్కువని 2020లో అమెరికా అధ్యయనం తేల్చింది. ఎండన పడి పనిచేసే మనవాళ్లకి 95 చూపించినా ఆయాసం ఉంటే ఆయాసాన్నే నమ్మండి.

ఉప్పు, పత్యం, కషాయాల గురించి అడిగితే తప్పేముంది?

అమెరికాలో 60 ఏళ్ల ఆయన ఒకరు ఉప్పు మానేద్దామని, చాట్‌జీపీటీతో మాట్లాడాక, దాని బదులు సోడియం బ్రోమైడ్ తెప్పించి మూడు నెలలు తిన్నారు. పక్కింటివాళ్లు విషం పెడుతున్నారన్న అనుమానంతో ఆసుపత్రిలో చేరారు. అది బ్రోమైడ్ విషమని డాక్టర్లు తేల్చి 2025లో వైద్య పత్రికలో రాశారు. మన దగ్గర బ్రోమైడ్ ఎవరూ తినరు, సరే. కానీ బీపీ ఉన్నవాళ్లు కొనే తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం ఉంటుంది, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి అది ప్రమాదం. ఉప్పు మార్చే ముందు కూడా డాక్టర్ని అడగాలి.

టీవీలో చూసే పెద్ద డాక్టరు వీడియోలో షుగరు మందు అమ్ముతున్నారు. కొనొచ్చా?

కొనొద్దు. పేరున్న డాక్టర్ల ముఖం, గొంతు ఏఐతో అతికించి చేసిన నకిలీ వీడియోలు ఎన్నో తిరుగుతున్నాయి. ఇది గుర్తుపట్టడానికి పెదాల కదలిక గమనించక్కర్లేదు. షుగరు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 చట్టం ప్రకారం నేరం. అసలు డాక్టరు ఎవరూ అలా మాట్లాడరు.

గొంతు మోసాలు ఇంకో రకం. "అమ్మా, ఆసుపత్రిలో ఉన్నాను, వెంటనే డబ్బు పంపు" అని సూరత్‌లోనో బెంగళూరులోనో పనికి వెళ్లిన కొడుకు గొంతుతోనే ఫోను వస్తుంది. పెట్టేసి, కొడుకు పాత నంబరుకి మీరే చేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయండి.

ఆరోగ్య కార్డుల గురించి ఏఐ చెప్పేది నమ్మొచ్చా?

తేదీ చూసుకోండి. ఒడిశా చాలా ఏళ్లు ఆయుష్మాన్ భారత్ బయటే ఉంది, 2025లోనే చేరింది. పాత రాతలు చదివిన ఏఐ "మీ రాష్ట్రంలో అది లేదు" అని ఇప్పటికీ అనొచ్చు. విశాఖలో ఏ ఆసుపత్రిలో మీ కార్డు నడుస్తుందో బయల్దేరే ముందు ఆయుష్మాన్ భారత్ నంబరు 14555కి ఫోన్ చేసి కనుక్కోండి.

మనసు బాగోలేనప్పుడు దానితో మాట్లాడటం?

కాసేపు మాట్లాడితే తేలికపడేవాళ్లు ఉన్నారు, కాదనను. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం టెలి మానస్ 14416. పగలూ రాత్రీ మనిషే పలుకుతారు, ఉచితం.

ఆరోగ్యం కాక మిగతా పనులకి?

తహసీల్దారు ఆఫీసుకి ఒడియాలో దరఖాస్తు రాయించుకోవడానికి ఇంతకంటే మంచి సాధనం మన సరిహద్దు తెలుగువాళ్లకి దొరకలేదు. ముందు తెలుగులో చెప్పి ఒడియాలో రాయించండి. సంతకం పెట్టే ముందు ఒడియా చదివే పక్కింటి పిల్లాడి చేత చదివించుకోండి, ముఖ్యంగా సర్వే నంబరు, పేర్లు. పీఎం కిసాన్ డబ్బు పడకపోతే దాని కోసం ప్రభుత్వం పెట్టిన ఏఐ, కిసాన్ ఈ-మిత్రని అడగొచ్చు, 2023 నుంచి ఉంది. పిల్లల లెక్కలకి వాడనివ్వండి, జవాబు కాకుండా పద్ధతి అడగమనండి.

తుపాను వస్తే?

తిత్లీ వచ్చినప్పుడు, 2018 అక్టోబరులో, మన వైపు కరెంటూ సిగ్నలూ రెండూ పోయాయి. ఫోన్లో ఉన్న చీటీలు, రిపోర్టులు ఎవరికీ పనికిరావు అలాంటప్పుడు. వాడే మందుల పేర్లు, మోతాదు, అలర్జీ, రక్తం గ్రూపు ఒక కాగితం మీద రాసి ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. ఇన్సులిన్, బీపీ, ఫిట్స్ మందులు రెండు వారాలకి సరిపడా ముందే తీసుకోండి. హెచ్చరిక వచ్చాక అందరూ ఒకేసారి షాపుకి వస్తే నా దగ్గరా స్టాకు ఉండదు.

చివరగా, ఏ యాప్ మంచిది?

నేను ఏదీ సిఫారసు చేయను. అడిగితే మూలం చూపించేది, తెలియనప్పుడు తెలియదనేది, మందు అమ్మడానికి లింకు పెట్టనిది వాడండి. ఒకే ప్రశ్న రెండు రకాలుగా అడిగి చూడండి. రెండు జవాబులు వేరుగా ఉంటే రెండూ పక్కన పెట్టి ఆ ప్రశ్న మనిషిని అడగండి. షాపు రాత్రి తొమ్మిదిన్నర దాకా తెరిచే ఉంటుంది.